నీళ్లను ఇంటర్వ్యూ చేసే మూర్తిగారు

నరసింహమూర్తిగారు ఏ గ్లాసు నీళ్లనూ ఇంటర్వ్యూ చేయకుండా నోట్లో పోసుకోరు. ముందు గ్లాసును వెలుతురుకి ఎత్తుతారు. ఒక కన్ను మూస్తారు. ముక్కు దగ్గర పెట్టుకుని ఆలోచనలో పడతారు. ఆపైన జేబులోంచి చిన్న టార్చి తీసి, దాని ఊదారంగు వెలుగు నీళ్ల మీద వేసి, ఆ నీళ్ల పుట్టుక, పెంపకం, దారిలో పట్టిన సావాసాలు అన్నీ వివరించి, అప్పుడు తాగుతారు. ఈలోగా ఆతిథ్యం ఇచ్చినవాళ్ల కాఫీ చల్లారిపోతుంది.

ఆ ఆతిథ్యం ఎక్కువగా ఇచ్చేది ఎదురు ఫ్లాటు నరేందర్. నల్లగండ్లలో ఆ రెండు తలుపుల మధ్య ఉన్నది లిఫ్టు ఒక్కటే. నరేందర్ హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టీమ్ లీడు. మూర్తిగారిది కోనసీమ. సర్వీసంతా గోదావరి మీద పడవల్లో సీసాలు పట్టుకుని తిరిగారు. నదిలో కరిగిన ఆకుల సారం, మట్టి సారం, బాసర నుంచి సముద్రం దాకా వచ్చేలోపు ఎన్ని వేషాలు మారుస్తుందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఉద్యోగం వదిలింది కానీ గోదావరి వదల్లేదు. వాళ్ల ఫ్రిజ్‌లో పెరుగు ఉండాల్సిన చోట బాసర ఉంటుంది, కూరగాయల అరలో కాళేశ్వరం ఉంటుంది. ఎండా వెలుతురూ తగిలితే నీళ్లు మారిపోతాయట, అందుకని ఆ సీసాలన్నిటికీ అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంటుంది.

"నా చపాతీలకి మాత్రం ఫాయిల్ ఉండదండీ," అంటారు ఆయన భార్య బాలాత్రిపురసుందరిగారు. "ఆయనగారి భద్రాచలం చలికాచుకోవాలి కదా."

టార్చి తెచ్చిన తంటాలు వేరు. ఒకసారి నరేందర్‌తో మూసాపేటలో టిఫిన్‌కి వెళ్లి గ్లాసు మీద ఆ వెలుగు వేస్తుంటే, హోటలాయన గల్లాపెట్టె వదిలేసి పరుగున వచ్చి ఓ ఐదువందల నోటు చేతిలో పెట్టాడు. "సార్, జర దీన్ని గూడ సూడుండ్రి, అస్లుదా దొంగనోటా. పొద్దుగాల ఎవడో అంటగట్టి పోయిండు."

మూర్తిగారు నోటు వైపు కన్నెత్తి చూడలేదు. "మీ ట్యాంకు కడిగి చాలా రోజులైందండి," అన్నారు. నరేందర్ ఆ రోజు ఇడ్లీ వదిలేసి బయటికి నడిచాడు.

ఆయనకు అబద్ధం రాదు. నీళ్ల విషయంలో మొహమాటం కూడా రాదు. పై అంతస్తు రవీందర్ గృహప్రవేశంలో, కాశీ నుంచి వచ్చిన గంగాజలమని రాగిచెంబులో పెట్టారు. పంతులుగారు మంత్రం ఎత్తుకోబోతుండగా మూర్తిగారు టార్చి తీశారు. ముందు పంతులుగారి పంచె ధగధగా నీలంగా మెరిసింది. "అది సబ్బుపొడి, కంగారు పడకండి," అని ఆయనకు ధైర్యం చెప్పి, చెంబులోకి వంగి వాసన చూశారు. "ఇది కాశీది కాదండి. మన పంపుదే. క్లోరిన్ ఇంకా వదల్లేదు." రవీందర్ ఆ తర్వాత చాలాకాలం లిఫ్టు మానేసి మెట్లెక్కి వెళ్లేవాడు.

నరేందర్ ఆఫీసులో కుటుంబాలను పిలిచిన రోజున తల్లితోపాటు మూర్తిగారిని కూడా తీసుకెళ్లాడు. అక్కడ గాజు జాడీలో పుదీనా, దోసకాయ ముక్కలు వేసిన నీళ్లు పెట్టారు. మూర్తిగారు దాని ముందు దేవుణ్ణి చూసినట్టు నిలబడిపోయారు.

"ఇదేనండీ గోదావరి," అన్నారు.

చుట్టూ ఉన్న కుర్రాళ్లు మూగారు.

"అడవిలో ఆకు రాలుతుంది. వాన పడుతుంది. సారం నీళ్లలోకి దిగుతుంది. అచ్చం ఇలాగే. పైన అణువులు పెద్దవి, రంగు ముదురు. కిందికి వచ్చేకొద్దీ ఎండ వాటిని విరగ్గొడుతుంది. సూక్ష్మజీవులు మెత్తని ముక్కలు ఏరుకుని తినేస్తాయి. ఆనకట్ట దగ్గర నిలబడితే ఎండ ఇంకాస్త కాల్చుతుంది. ఊళ్ల మురుగు కొత్తగా వచ్చి కలుస్తుంది. సముద్రం దగ్గర చూస్తే, బాసరలో బయల్దేరింది ఇదేనా అనిపిస్తుంది."

"మా ప్రాజెక్ట్ గూడ గంతే సార్," అన్నాడు నరేందర్ టీములోని దినేశ్. "క్లయింటు దగ్గర బయల్దేరింది ఒకటి, మా దగ్గరికొచ్చేది ఇంకోటి."

"అన్నీ పోవు బాబూ. గట్టిది కొంత మిగులుతుంది. దాన్ని పట్టుకోవడానికే నా జన్మంతా సరిపోయింది."

నరేందర్ తల్లి భాగ్యమ్మ ఆ మాటలన్నీ నోరు తెరుచుకుని విన్నది. ఆమెది ధర్మపురి. గోదావరిని ఆమె గంగ అనే అంటుంది. ఆ రోజు నుంచి నీళ్ల సంగతి ఏదైనా ఆమెకు మూర్తిగారి మాటే మాట.

చిక్కంతా అక్కడే వచ్చింది. భాగ్యమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆపరేషన్ చేయకపోతే కొన్నాళ్లకు మంచం దిగడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఎట్లాగో తారీఖు కుదిరాక ఆమె కొత్త పేచీ పెట్టింది.

"మా రేవు గంగ నెత్తిన సల్లుకోనిది నేను దవాఖాన గడప తొక్క. కోసేటోళ్లను ఆగమను."

"ఆదివారం పొద్దుగాల పోయి పొద్దుగూకేవరకు తెస్తనమ్మా. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు నరేందర్.

ఆదివారం నిజంగానే బయల్దేరాడు. తెల్లాపూర్ దాటి ఔటర్ రింగు రోడ్డు ఎక్కబోతుంటే ఆఫీసు నుంచి ఫోను. ముందురోజు విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ బోర్లా పడిందట, గంట పనేనట. ఆ గంట సాయంత్రం దాకా సాగింది. తెల్లారితే ఆసుపత్రిలో చేరాలి. నరేందర్ సెల్లారులో కారు ఆపి, కార్పొరేషన్ నీళ్లు దిగే సంపు పక్కన పంపు తిప్పి సీసా నింపాడు. నది నీళ్లు మరీ అంత తేటగా ఉంటాయా అని అనుమానం వచ్చి, పూలకుండీలోంచి చిటికెడు మట్టి కూడా వేశాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

భాగ్యమ్మ సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎదురింటి సారును పిలువు. సారు మా రేవుదే అంటే నాకు నమ్మకం. కాదంటే ఆపరేషన్ లేదు, ఏం లేదు."

నరేందర్ ముందే వెళ్లి చెవిలో ఊదుదామని చెప్పుల్లో కాళ్లు పెట్టేలోపు ఆమె ఫోను చేసేసింది. మూర్తిగారు టార్చి సరిచూసుకుంటూ, పెళ్లికి వచ్చినంత సంబరంగా వచ్చారు.

సీసా ఎత్తారు. ఒక కన్ను మూశారు. నీళ్ల మధ్యలో ఎర్రటి పోగొకటి నిదానంగా తిరుగుతోంది.

"గదేంది సారు?" అంది భాగ్యమ్మ.

"కొబ్బరి పీచండి. పూలకుండీల్లో..." అని ఆగి నరేందర్ వైపు చూశారు. నరేందర్ గోడ మీది క్యాలెండర్‌లో పండుగలు చదువుతున్నాడు. మూర్తిగారు భాగ్యమ్మ వైపు కూడా చూశారు. ఆమె మంచం పట్టెను రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఆయన గొంతు సవరించుకున్నారు. "పూలకుండీల్లో కూడా వేస్తారనుకోండి. రేవులో కొబ్బరికాయలు కొడతారు కదా, అక్కడ మరీ ఎక్కువ."

మూత తీశారు. క్లోరిన్ వాసన నరేందర్ నిలబడ్డ చోటికే వచ్చింది.

"మందు వాసన గొడుతుంది గద సారు," అంది భాగ్యమ్మ ఆశగా.

"ఆపరేషన్ ఉన్న ఇంటికి వస్తున్నాయి కదండీ. కాస్త శుభ్రం చేసుకుని వచ్చాయి."

పరదాలు వేయించి టార్చి వెలిగించారు. సీసాలో ఉందా లేదా అన్నట్టు లేత నీలం.

"చూశారా, అదీ ఆకు సారం. ఎక్కడో ఎగువన రాలింది. మీ ధర్మపురి మెట్ల ముందు నుంచి నడిచింది. ఎండకి విరిగింది, పురుగులు తిన్నంత తిన్నాయి, ఇక్కడికి వచ్చేసరికి పేరూ ఊరూ మారాయి. అయినా కొంచెం మిగిలింది. మీ రేవు దాటి వచ్చిన నీళ్లేనండి. నెత్తిన చల్లుకోండి, తాగడం మాత్రం వద్దు."

భాగ్యమ్మ ముఖంలో సంతోషం కనిపించకపోవడం నరేందర్‌కు వింతగా తోచింది. "సారంత సారే అన్నంక ఇగ ఏం జేస్త," అని నిట్టూర్చి నీళ్లు చల్లుకుంది. మర్నాడు ఆసుపత్రిలో చేరింది.

నీళ్లు చల్లిన సాయంత్రమే లిఫ్టు దగ్గర నరేందర్ మూర్తిగారి చేతులు పట్టుకున్నాడు. "నా కోసం అబద్ధమాడిన్రు సార్."

మూర్తిగారికి కోపం వచ్చింది. "అబద్ధమా? మన సిటీకి గోదావరి నీళ్లు ఎక్కణ్ణుంచి తోడతారు?"

"ఎల్లంపల్లి నుంచి సార్."

"అది ధర్మపురికి ఎగువా, దిగువా?"

నరేందర్ గాలిలో వేలితో నదిని గీసుకున్నాడు. "దిగువ."

"మరి? మీ అమ్మగారి రేవు దాటకుండా అక్కడికి ఎలా వస్తాయండి? మన పంపులో మంజీరా నది కూడా కలుస్తుంది, ఆ సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "ఆ కుండీ మట్టి మాత్రం ఘోరం బాబూ. నా ముందా?"

ఆపరేషన్ బాగా జరిగింది. భాగ్యమ్మ ఇంటికొచ్చి, వాకర్ పట్టుకుని హాలంతా చుట్టబెట్టడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం మూర్తిగారు భార్యతో వచ్చారు. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి, జుట్టు దుమ్ము కొట్టుకుపోయి ఉంది. చేతిలో ఫాయిల్ చుట్టిన సీసా.

"శాంపిల్ పని మీద ధర్మపురి వెళ్లానండి. పనిలో పని అని మీకూ ఒకటి పట్టుకొచ్చాను."

"రిటైరైన మనిషికి శాంపిల్ ఏమిటండీ," అన్నారు బాలాత్రిపురసుందరిగారు. "నడుం నొప్పి అంటూనే తెల్లారే బస్సెక్కారు. మీ అమ్మగారి సీసాలో మంజీరా కలిసిందని వారం రోజులుగా నిద్రలో కూడా ఒకటే కలవరింత."

భాగ్యమ్మ చెయ్యి చాచి టార్చి అడిగింది. సీసా మీద ఫాయిల్ విప్పి వెలుతురుకి ఎత్తింది, ఒక కన్ను మూసింది. ఆమె టార్చిని సీసా మీద కాకుండా మూర్తిగారి ప్యాంటు అంచుల మీద వేసింది. అక్కణ్ణుంచి మోకాళ్లదాకా బురద ఎండి అట్టకట్టి ఉంది.

"ఇది మా రేవుదే," అని తీర్పు చెప్పింది. "మోకాళ్లదాక దిగిన్రు గదా. కొడకా, నీ అంగీకి ఆనాడు ఇస్త్రీ మడత గూడ పోలే."

నరేందర్ తెల్లబోయాడు. "నీకు ఎర్కేనా అమ్మా? మరి సారును ఎందుకు పిలిపిచ్చినవ్?"

"కోసుడంటే నాకు బుగులు బిడ్డా. సారు అబద్ధమాడడు, పంపు నీళ్లని చెప్తడు, ఆపరేషన్ తప్పుతదనుకున్న. నమ్ముకున్న సారే నన్ను ఆపరేషన్ బల్ల ఎక్కిచ్చిండు."

"మీ భయం తెలుసుకోవడానికి టార్చి అక్కర్లేదండి," అన్నారు మూర్తిగారు నేల చూపులు చూస్తూ.

భాగ్యమ్మ వాకర్ తోసుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. పంపు తిప్పిన చప్పుడు వినిపించింది. నరేందర్ ఎదురెళ్లి గ్లాసు అందుకోబోతే ఇవ్వకుండా, తనే తెచ్చి మూర్తిగారి చేతిలో పెట్టింది. ఆయన అలవాటుగా దాన్ని దీపం వైపు సగం దాకా ఎత్తారు. భాగ్యమ్మ ముఖం చూశారు. చెయ్యి దించి, గటగటా తాగేశారు.

బాలాత్రిపురసుందరిగారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు. "ఏమండీ, ఇన్నేళ్ల కాపురంలో నా చేతి గ్లాసు ఒక్కటైనా ఇలా తాగారా?"

మూర్తిగారు మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసును ఒక్కసారి వెలుతురుకి ఎత్తి చూసుకున్నారు. "రుచి బాగుందండి," అన్నారు. "ఎక్కడివో మాత్రం కనుక్కోలేదు."