పదివేలమంది గొడుగు

మా మేనత్త సూయింగ్ బంగారు జరీతో పేర్లు కుట్టేది. పెళ్ళి తెరలైనా, గుడి పతాకాలైనా పట్నంలో ఆమె పనికి తిరుగులేదు. పిరికితనంలోనూ తిరుగులేదనుకోండి. మేనకోడలిని కాబట్టి నేనంటాను, బయటివాళ్ళంటే ఊరుకోను.

చక్రవర్తి గద్దె దిగాక మా సీమకు దూజున్ వచ్చాడు. ఆ మాటకు సైన్యాన్ని చూసుకునేవాడని అర్థం. ఈయన ఉప్పు పన్నూ, కోర్టూ, మా బళ్ళూ, గాడిదలూ కూడా చూసుకున్నాడు. తలుపులు వేసుకున్నాక జనం ఆయన్ని జున్‌ఫా అనేవాళ్ళు, అంటే సైన్యాన్ని తాతల ఆస్తిలా అనుభవించేవాడని. వీధిలో ఆ మాటంటే తోలు వలిచేవాళ్ళు.

బండి తోలే ఫాన్ దెలూను ఆయన సిపాయిలు బండితో సహా యుద్ధానికి పట్టుకెళ్ళారు. పారిపోబోతే కాల్చేశారు. అతని భార్య చున్‌నీకి అక్షరం ముక్క రాదు.

తర్వాత మరో సైన్యం తరుముకొస్తోందని దూజున్ రైలెక్కడానికి సిద్ధమయ్యాడు. వెళ్ళిపోయే అధికారికి జనం ప్రేమగా పట్టుగొడుగు ఇవ్వడం మా పాత ఆచారం. దాన్ని పదివేలమంది గొడుగంటారు. అంచున వేలాడే పట్టీల మీద ఇచ్చినవాళ్ళ పేర్లుంటాయి. ఈసారి ఆ ప్రేమను వర్తక సంఘం పెద్ద లియావ్ ఇంటింటికీ తిరిగి వసూలు చేశాడు. సుద్దతో పేర్లు రాసిన పట్టీలు తెచ్చి అత్త ముందు పడేశాడు.

"దెలూ పేరెందుకయ్యా? పోయాడుగా," అంది అత్త.

"పోయినోడికి అభ్యంతరం ఏముంటుంది? బతికున్నోళ్ళు చాలట్లేదు. కుట్టు."

సంగతి తెలిసి చున్‌నీ పరుగెత్తుకొచ్చింది. "పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటా. చంపినోడికి మా ఆయన దణ్ణం పెట్టినట్టు కుట్టొద్దే."

"సుద్దేగా. తుడిచేస్తాలే, నువ్వెళ్ళు," అంది అత్త.

తుడవలేదు. లియావ్ లెక్క చూస్తాడేమోనని జడిసి, ఆ మూడక్షరాలూ కుట్టేసింది. నేను పక్కనే అంచులు కుడుతూ నోరు మూసుకున్నాను. తీరా స్టేషన్‌లో ఎవరూ లెక్క చూడలేదు. దూజున్ గొడుగందుకుని, దానివైపైనా చూడకుండా నౌకరుకిచ్చాడు. చున్‌నీ మాత్రం జనంలోంచి ఆ పట్టీలనే చూస్తూ అత్త చెయ్యి పట్టుకుంది.

"లేదుగా, పిన్నీ?"

"లేదమ్మా."

రైలు కదిలిందో లేదో ఊరంతా జున్‌ఫా, జున్‌ఫా అని తిట్టడం మొదలుపెట్టింది. అందరికంటే గట్టిగా లియావే తిట్టాడు. అత్త నోట మాత్రం ఆ మాట రాలేదు. చున్‌నీకి నిజం చెప్పెయ్యమని అత్తతో అన్నాను.

"చెబితే దానికి మిగిలేదేంటే? ఈ పాపం నన్నే మొయ్యనీ," అంది.

సమాధులు శుభ్రం చేసే పండుగ ముందు చున్‌నీ తెల్లగుడ్డ పట్టుకుని వచ్చింది.

"మా ఆయన మట్టి సమాధి ముందు కడతా పిన్నీ. ఊరంతా వంగింది, ఆయనొక్కడే వంగలేదు. 'జున్‌ఫాకు తల వంచనివాడు ఫాన్ దెలూ' అని కుట్టు. నువ్వే కుట్టాలి. ఆయన పరువు నిలబెట్టింది నువ్వేగా."

అత్త సూది తీసుకుంది. చున్‌నీ ఆమె పక్కనే చతికిలబడి, పేరు పూర్తయ్యేదాకా కళ్ళార్పకుండా చూసింది. తర్వాత ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది.

"మా ఆయన పేరు ఇలా ఉంటుందా పిన్నీ? నేనెప్పుడూ చూడనే లేదు."

అత్త తల ఎత్తలేదు.