బావకు నచ్చని భాష

నిన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా స్క్రీన్ వైపు చూసి, "ఇంకా పీహెచ్‌పీలోనే రాస్తున్నారా సార్?" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, మా బావ గుర్తొచ్చి మధ్యాహ్నం అన్నం సయించలేదు.

అప్పట్లో అబూధాబీలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని అక్కాబావల ఇంట్లో ఒక గది నాది. బావ విమానాశ్రయాల్లో సామాన్లు మోసే బెల్టులకు సీ ప్లస్ ప్లస్‌లో ప్రోగ్రాములు రాసేవాడు. ఆయన దృష్టిలో ప్రోగ్రామింగ్ భాషంటే అదొక్కటే. జావా లావెక్కిన జమీందారు, పైథాన్ బడిపిల్లల వాచకం, నేను రాసే పీహెచ్‌పీ అతుకుల బొంత. శుక్రవారం చేపల పులుసు కలుపుకుంటూ ఈ ప్రవచనం మొదలెడితే పెరుగన్నం దాకా సాగేది. ఇంటికొచ్చినవాళ్లకు నన్ను "వెబ్‌సైట్లకు వెల్ల వేస్తుంటాడు" అని పరిచయం చేసేవాడు. అక్క మాత్రం, "అన్నం పెట్టే భాషకి కులమేందండీ?" అనేది.

కరోనా వచ్చి విమానాలు ఆగాయి, బెల్టులు ఆగాయి, బావ ఉద్యోగం పోయింది. తెలిసిన కంపెనీలేవీ బదులివ్వలేదు. వీసా గడువు దగ్గరపడుతుండగా ఒక పొద్దున నా గదిలోకొచ్చి, మంచం అంచున కూర్చుని, గోడకేసి చూస్తూ అడిగాడు.

"నీ భాష నాకు నేర్పిస్తావా అబ్బయా?"

భోజనాల బల్లకు ఒకవైపు మేనకోడలి ఆన్‌లైన్ క్లాసు, మరోవైపు మా పాఠం. ఒక్క వెక్కిరింత లేదు. ఆయన బుద్ధిగా విని, ప్రతిదీ నోట్సు రాసుకునేవాడు.

దుబాయ్‌లోని ఒక ఫర్నిచర్ కంపెనీ వెబ్‌సైట్ పనికి వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. పక్క గదిలోంచి విన్నాను. అడిగినవన్నీ సరిగ్గానే చెప్పాడు. అవతలున్న ముదీర్, అంటే మేనేజరు, కరీంనగర్ వైపు మనిషి, మర్యాదస్తుడే.

"ఏమనుకోకుండ్రి సార్. సీ ప్లస్ ప్లస్ వాళ్లు చిన్న పనికి గూడ పునాది తవ్వుతరు. మాకు జల్ది కావాలె."

తన భాషను వెనకేసుకొచ్చి ఒక్క మాటైనా అంటాడని ఎదురుచూశాను. బావ థాంక్స్ చెప్పి, ల్యాప్‌టాప్ మూసి, అక్కతో "ఖలాస్" అన్నాడు.

విమానాలు మళ్లీ మొదలవగానే వాళ్లు నెల్లూరు వెళ్లిపోయారు. ఇప్పుడు బావ తన తమ్ముడి మందుల షాపులో కూర్చుంటున్నాడు. ఫోన్ చేస్తే ఎండల గురించి, కూతురి చదువు గురించి మాట్లాడతాడు. ఒకసారి కావాలనే పీహెచ్‌పీని తిట్టి చూశాను. "ఏదైతే ఏంలే" అన్నాడు.

మనిషి మారడానికి ఏళ్లు పడతాయంటారు. మా బావ విషయంలో కాలానికి ఒక్క వేసవి చాలింది.