ముక్కు నాది, సందేహాలు మామయ్యవి

మా హూషంగ్ మామయ్యకు ఏదీ ఒకసారి చెబితే అర్థం కాదు. రెండోసారి చెప్పినా కాదు. ఇక చెప్పేవాడికే తాను చెబుతున్నదేమిటో అనుమానం మొదలయ్యాక, "హమ్మయ్య, ఇప్పుడు తెలిసింది" అంటాడు. మా పారసీలో హూష్ అంటే తెలివి. ఆ పేరు పెట్టిన తాతగారిని తలుచుకుని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్ళం.

రొట్టెల దుకాణంలో ఆయన వంతు వచ్చిందంటే వెనక వరుసలో ఉన్నవాళ్ళు నిట్టూర్చేవారు.

"ఈ రొట్టెకు గులకరాయి అంటుకుందేమిటయ్యా?"

"గులకరాళ్ళ మీదే కదా కాలుస్తాం, బాబాయ్!"

"నాకు అర్థం కాలేదు. రాళ్ళ మీద కాలిస్తే రాళ్ళు కాలాలి గానీ, రొట్టె ఎలా కాలుతుంది?"

మందుల షాపతను ఈయన్ని దూరాన్నుంచి చూడగానే టీకి వెళ్ళిపోయేవాడు. ఇక ఆయన పెళ్ళి ముచ్చట ఇష్రత్ అత్తయ్య నోటనే వినాలి. మాలో పెళ్ళికూతురిని మూడుసార్లు అడిగితే గానీ ఒప్పుకున్నాననదు, అది ఆచారం. "నేను మూడోసారికి ఒప్పుకున్నానంటే ఒప్పుకున్నానన్నాను. అందరూ చప్పట్లు కొట్టబోతుంటే ఈ మహానుభావుడు లేచి, 'నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పించండి' అన్నాడు. నాలుగుసార్లు ఒప్పుకున్న పెళ్ళికూతురు టెహరాన్ మొత్తానికి నేనొక్కర్తినే!"

అలాంటి మనిషి నా ఆపరేషన్‌కు తోడొచ్చాడు. మా అమ్మ ఉండేది దూరాన కెర్మాన్‌లో. రక్తం అన్న మాట వింటేనే కళ్ళు తిరిగి పడిపోతుంది. నాకేమో టాక్సీ హఠాత్తుగా ఆగి, ముఖం ముందు సీటుకు కొట్టుకుని, ముక్కు మధ్యలో కుంగిపోయింది. ఒక వైపు గాలే ఆడదు. అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్తావిడ.

పైగా మా టెహరాన్‌లో ముక్కు చెక్కించుకోవడమంటే కొత్త చెప్పులు కొనుక్కున్నంత మామూలు. మెట్ల మీద ఎదురైన పక్కింటావిడకు విషయం చెప్పగానే నన్ను గట్టిగా కావలించుకుంది.

"శుభం! కొన పైకి తిప్పమన్నావా?"

"అందం కోసం కాదండీ, నిజంగానే విరిగింది."

"అలాగే చెప్పాలమ్మా. మేమూ అందరికీ అలాగే చెప్పాం."

డాక్టర్ సుతూదె గారు మంచివారే గానీ మాట బుల్లెట్ రైలు. గ్రాఫ్ట్, సెప్టమ్, కార్టిలేజ్ అంటూ చెప్పుకుపోయారు. చదువుకున్నదాన్ని, పైగా బళ్ళో పంతులమ్మను. ప్రతి మాటకూ తలాడించాను. పక్కటెముక అన్నప్పుడు గుండె ఆగినంత పనైంది. అయినా తలాడించాను.

"నాకు అర్థం కాలేదు" అన్నాడు మామయ్య.

నేను సిగ్గుతో బల్ల కిందికి దూరాలనుకున్నాను.

"ఆపరేషన్ ముక్కుకా, ఎముకకా?"

"ముక్కుకేనండీ. ముక్కు దూలం కుంగింది. నిలబెట్టాలంటే ఆసరా కావాలి. పక్కటెముక చివర మెత్తటి భాగం నుంచి చిన్న ముక్క తీసి అక్కడ పెడతాం."

"అంటే ఇంట్లో దూలం కుంగితే పెరట్లో కొయ్య కొట్టి తెచ్చినట్టా?"

"సరిగ్గా అంతే!"

"మరి పెరడు కూలిపోదూ?"

డాక్టర్‌కు నవ్వొచ్చింది. "కూలదు. కొన్నాళ్ళు నొప్పి పెడుతుందంతే."

అప్పటిదాకా నా ఛాతీ మొత్తం తెరుస్తారనుకుని వణికిపోతున్నాను. మామయ్య ఇంకా వదల్లేదు.

"తుమ్మొస్తే?"

"నోరు తెరిచి తుమ్మాలి. ముక్కు మాత్రం చీదకూడదు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి."

"ఎప్పటికి బాగవుతుంది?"

"వారానికల్లా పైపట్టీ తీసేస్తాం. కళ్ళ కింది నీలం కొన్ని వారాల్లో పోతుంది. లోపలి వాపు మాత్రం మెల్లగా దిగుతుంది. అందరికంటే ఆఖరున దిగేది ముక్కు కొన. ఏడాది పట్టొచ్చు."

"ఏడాదా! అర్థం కాలేదు. అంతవరకూ ఈ పిల్ల తన ముక్కేదో తెలియకుండానే తిరగాలా?"

డాక్టర్ ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి మళ్ళీ మొదలుపెట్టారు. వీధిలోకి రాగానే నేను విరుచుకుపడ్డాను.

"నా పరువంతా తీశారు మామయ్యా!"

"ఏం చేయను తల్లీ. నీకైతే ఒక్కసారికే అర్థమైపోయింది, చదువుకున్నదానివి" అన్నాడు అమాయకంగా.

ఆపరేషన్ అయ్యాక వాళ్ళింట్లోనే ఉన్నాను. ఒక పొద్దున లేచి అద్దం చూసుకుంటే రెండు వంకాయల మధ్య ఒక పట్టీ! గొంతు చించుకుని అరిచాను. మామయ్య ఆష్ గిన్నెతో, ఆకుకూరల సూప్ తొణుకుతుండగా, పరుగెత్తుకొచ్చాడు.

"ఇలా ఉబ్బిందేమిటే? డాక్టర్ ఏం చెప్పాడు? నాకేం అర్థమై చచ్చింది!"

నాకు ఒళ్ళు మండింది. "ఎన్నిసార్లు చెప్పించుకున్నారు మామయ్యా! వాపు ముందు పెరిగి తర్వాత దిగుతుంది. నీలం కిందికి జారి పసుపు రంగుకు తిరిగి పోతుంది. ఊపిరాడకపోవడం లోపలి వాపు వల్ల..."

చెబుతూ చెబుతూ సగంలో ఆగాను. నా భయం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

"మరి పెరడు?" అన్నాడు.

నవ్వాను. పక్కటెముక కలుక్కుమంది. "నవ్వించకండి!" అని ఏడుస్తూ నవ్వాను.

పట్టీ తీసిన రోజు ముక్కు బొద్దుగా, ఎవరిదో అరువు తెచ్చినట్టుంది. కానీ తిన్నగా ఉంది. పైగా డాక్టర్ టీలో వేసుకున్న ఏలకి వాసన తెలిసింది. అది చాలనుకుని బయటి గదిలోకి వచ్చాం.

అక్కడ ఖుర్రమాబాద్ నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు చాదర్ ముసుగు అంచుతో ముక్కు కప్పుకుని ఒంటరిగా కూర్చున్నారు. ముక్కు మీది చెడ్డ పుండు తీసేసి, నుదుటి చర్మంతో పూడుస్తారట. నర్సమ్మ జాగ్రత్తలు గడగడా చెబుతోంది. ఆవిడ ప్రతి మాటకూ తలాడిస్తున్నారు. అచ్చం నాలాగే.

కోటు తొడుక్కుని బయల్దేరిన మామయ్య వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయీ, నాకు అర్థం కాలేదు."

"అయ్యా, ఇది మీవాళ్ళ ఆపరేషన్ కాదు!"

"ఎవరిదైతేనేం తల్లీ? నుదుటి చర్మం ముక్కు మీదికి ఎలా నడిచొస్తుంది?"

నర్సమ్మ తల పట్టుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది, ఈసారి మెల్లగా. పెద్దావిడ తల ఊగడం ఆగిపోయింది. పెదవులు కదిపి ఒక్కో మాటా తనలో తాను చెప్పుకుంటున్నారు. నేను మామయ్య వంక చూశాను. ఆయన నర్సమ్మను చూడటం లేదు, ఆవిడ ముఖాన్నే చూస్తున్నాడు. డాక్టర్ గదిలో నన్నూ ఇలాగే చూసి ఉంటాడు. ఇన్నేళ్ళుగా మేమంతా ఎవర్ని చూసి నవ్వుకున్నాం!

"నేనూ ఒకటి అడగొచ్చా అమ్మా?" అన్నారు పెద్దావిడ చివరికి. "తందూరు దగ్గర కూర్చోవచ్చా? మనవరాలు ముద్దు పెడితే ఊడిపోదు కదా?" తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. మామయ్య చప్పుడు చేయకుండా లేచాడు.

నేనూ లేవబోతే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని చెవిలో అన్నారు: "మీ మామయ్య బంగారం. కానీ పాపం, బుర్ర కాస్త మందం. ఒంటరిగా బయటికి పంపకమ్మా."

అటు చూశాను. 'లాగండి' అని రాసి ఉన్న తలుపును మామయ్య శక్తికొద్దీ నెడుతున్నాడు.

"పంపనండీ" అన్నాను.