తడి ఆరిన చెక్కముక్కలు

చెక్క కనిపిస్తే చక్రపాణి చేతులు ఊరుకోవు. రాజమండ్రి కోత మిల్లులో ముప్పై ఒక్కేళ్ళు చేసి రిటైరైన మనిషి. అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో చదువుకుంటున్న కూతురు విజయశ్రీ అపార్ట్‌మెంట్‌కి వచ్చిన మర్నాడే కుర్చీ కాళ్ళన్నీ బిగించేశాడు. నెల తిరిగేసరికి బిగించడానికి ఇంకేమీ మిగల్లేదు పాపం.

ఆ శుక్రవారం ఫ్రిజ్ తెరిస్తే పెరుగు గిన్నె పక్కన ఓ ప్లాస్టిక్ డబ్బా. దాని నిండా నీళ్ళు, నీళ్ళలో మూడు నల్లటి చెక్కముక్కలు. "అయ్యయ్యో, నీళ్ళలో నాని పాడైపోతున్నాయే!" అనుకుని వాటిని తీసి తుడిచి, బాల్కనీ నీడలో పుల్లల మీద ఎడంగా పేర్చాడు. గాలి ఆడాలి కదా! ఆయన ఆరబెట్టిన చెక్కకి బీట పడిందని మిల్లులో ఎవరూ అనలేదు.

గంటలో పెద్దముక్కకి బీట పడింది. కూతురికి ఫోన్ చేశాడు.

"ఫ్రిజ్‌లో ఆ చెక్కలేంటమ్మా?"

"ముట్టుకోకు నాన్నా! ల్యాబ్‌లో కూలర్ పాడైందని ప్రొఫెసర్‌కి చెప్పి తెచ్చా. నాలుగు వేల ఏళ్ళ కిందట, చిత్తడి నేలలో నడవడానికి జనం దుంగలు పరిచారు. ఆ దారిలోవి. నీళ్ళలో ఉండబట్టే మిగిలాయి, ఆరితే ముక్కలైపోతాయి. వాటికేమైనా అయితే నా అసిస్టెంట్‌షిప్ పోతుంది, తర్వాత వీసా కూడా."

"సరేనమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. చెప్పలేకపోయాడు, ఏం మనిషి!

ముక్కల్ని మళ్ళీ నీళ్ళలో వేశాడు. బీట పక్కనే గొడ్డలి గాటు కనిపించింది. ఎవరో వాటంగా చెక్కారు, చెయ్యి తిరిగిన పనివాడే. ఆయనకి ఏడుపొచ్చింది. సాయంత్రందాకా పది నిమిషాలకోసారి మూత తీసి చూస్తూనే ఉన్నాడు. బీట అలాగే ఉంది.

విజయశ్రీ వచ్చీరాగానే ఆయన మొహం చూసింది, డబ్బా మూత తీసి బీట చూసింది. ప్రొఫెసర్‌కి చెయ్యడానికి ఫోన్ తీసింది.

"నేనే బయట పెట్టి మర్చిపోయానని చెప్తా. నువ్వు మాట్లాడకు నాన్నా."

అవతల ప్రొఫెసర్ గొంతు వినబడగానే చక్రపాణి ఫోన్ లాక్కున్నాడు. ఉద్యోగమంతా పైవాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడాల్సొస్తే పక్కకి తప్పుకున్న మనిషి.

"సర్, ఐ యామ్ ఫాదర్. ఐ డ్రై ద వుడ్. షి నాట్ నో. వన్ అవర్, షేడ్. వన్ క్రాక్, త్రీ ఇంచ్."

అవతల ఆయన ఏదో అన్నారు.

"ఏమన్నారు నాన్నా?"

"ఇప్పుడే తెమ్మన్నారు. నన్నూ రమ్మన్నారు."

"ఎందుకట?"

"అడగలేదమ్మా."

కార్‌లో డబ్బాని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా నీళ్ళు కదులుతున్నాయి.

"మెల్లగా పోనీ. ఆయన తిడితే నన్ను తిట్టనీ విజ్జీ, నువ్వు మధ్యలోకి రాకు."