గోడకవతల టీ

మొన్న మా మేనకోడలు ఫోనులో ఒక ఫోటో పంపింది. నేను చదివిన పెద్దాసుపత్రిలోనే, అదే సర్జరీ విభాగంలో అది ఇప్పుడు పీజీ చేస్తోంది. ఫోటోలో ఉన్నది ఒక తలుపు, దాని మీద 'మహిళా సర్జన్ల గది' అని చిన్న బోర్డు, అంతే. తలుపును ఫోటో తీయడమేమిటని మీరు నవ్వుతారేమో గానీ, మేడ్చల్‌లో మా వరండాలో కూర్చుని ఆ తలుపును చాలాసేపు చూశాను.

తొంభైలలో ఆ విభాగం మొత్తానికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆడదానికి కోతలెందుకమ్మా, హాయిగా కాన్పులు చేసుకోరాదా అని సలహా ఇవ్వని వాళ్ళు లేరు, మొండిఘటాన్ని, వింటానా! పొద్దున్నే మేడ్చల్‌లో బస్సెక్కి, ముందు సీటు కమ్మీకి కుట్టుదారం కట్టి ముడులు వేయడం సాధన చేసేదాన్ని. "ఏందమ్మా, బస్సుకు దండ అల్లుతున్నవా?" అని కండక్టరు ఆటపట్టించేవాడు. నిజం చెప్పొద్దూ, రోజు మొత్తంలో నాతో సరదాగా మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

ఎందుకంటే ఆపరేషన్ థియేటరు పక్కన బట్టలు మార్చుకోవడానికి సర్జన్లకు ఒకటే గది, అది మగవాళ్ళది. నేను నర్సుల గదిలో మార్చుకునేదాన్ని. ఆపరేషన్ల మధ్య టీలు, తప్పొప్పుల చర్చలు, తర్వాతి కేసు ఎవరు చేయాలన్న నిర్ణయాలు అన్నీ ఆ మగవాళ్ళ గదిలోనే. నన్ను కావాలని దూరం పెట్టారని అనలేను. గోడకు ఇవతల ఒకతి ఉందన్న సంగతే వాళ్ళకు తట్టేది కాదు, నాకు అదే ఎక్కువ బాధ. నర్సులు మంచివాళ్ళే, కానీ నేను రాగానే లేచి నిలబడి మాటలు ఆపేసేవారు.

చదువు చివరి ఏడాదిలో శామీర్‌పేట నుంచి చేపలమ్ముకునే ఒక అవ్వ వచ్చింది. రొమ్ములో గడ్డను ఎన్నాళ్ళుగానో కొంగుచాటున దాచుకుంది. మగ డాక్టర్లను దగ్గరికి రానివ్వలేదు, నాకు మాత్రం చూపించింది. "నువ్వే కోస్తనంటే పండుత బిడ్డా, లేకుంటే గిప్పుడే బస్సెక్కుత" అని భీష్మించుకుంది. వెళ్ళిపోతే మళ్ళీ రాదు, గడ్డేమో ముదురుతోంది. నేనే చేస్తానని మాటిచ్చేశాను. మా యూనిట్ పెద్దసారును అడిగితే, చూద్దాం అన్నారు.

ఆ రోజు నేను థియేటర్లోకి వెళ్ళేసరికి మా సీనియర్ ఒకాయన బల్లకు కుడివైపు నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ చేసేవాళ్ళు కుడివైపు, సాయం చేసేవాళ్ళు ఎడమవైపు, అది మా రివాజు. టీ దగ్గర తేల్చేసుకున్నారన్నమాట! అవ్వ బల్ల మీద లేచి కూర్చుంది. "గీయనెవలు? నా బిడ్డేది?" అని ఒకటే గోల. పెద్దసారు ఆమెను చూశారు, నన్ను చూశారు, సీనియరును జరగమన్నారు. తాను వెళ్ళి ఎడమవైపు నిలబడ్డారు.

బస్సు కమ్మీ పుణ్యమా అని నా ముడి ఒక్కటీ జారలేదు. అంతా అయ్యాక వాళ్ళు వాళ్ళ గదిలోకి, నేను నర్సుల గదిలోకి. నర్సులు పనుల్లో ఉన్నారు. గోడకవతల కప్పుల చప్పుడు, నవ్వులు. అంత పెద్ద పని చేసి వచ్చాను, ఎవరితోనైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది, చెప్పుకోవడానికి మనిషే లేరు. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, అవ్వ మంచం దగ్గరికే వెళ్ళాను. నేనే చేశానవ్వా అన్నాను. మత్తులోనే కళ్ళు తెరిచి, "నాకెర్కే. తిన్నవా బిడ్డా?" అంది.

ఇప్పుడు ఆ విభాగంలో ఆడపిల్లలకేం తక్కువ లేదట. గది ఉంది, టీ ఉంది. అందరూ కూర్చుని ఏం మాట్లాడుకుంటారే అని మేనకోడల్ని ఆశగా అడిగాను. మాటలేంటి అత్తమ్మా, ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటాం అంది. గోడకవతలి ఒక్క కప్పు టీ కోసం నేనెంత మొహం వాచానో దానికేం తెలుసు!

వచ్చే వారం అది మొదటిసారి కుడివైపు నిలబడుతుందట. అయిపోగానే నాకు ఫోన్ చెయ్యమన్నాను. ఎలా చేశావని తర్వాత అడుగుతాను, ముందు తిన్నావా అని అడుగుతాను.