వాలుగ అడిగితే వాళూ వచ్చింది

ముంబయిలోని మా కామాటిపురా గురించి పత్రికలవారు రాసిన ప్రతి ముక్కనూ కత్తిరించి దాచుకొన్నాను. ఇనప్పెట్టె నిండింది కాని, అందులో చేప మాట ఒక్కటీ లేదు. వారికి ఈ పేటలో కనిపించేది ఒకే ఒక్క వ్యాపారం. మిగిలిన వీధుల్లో జనం ఏమి తింటారో, దేనికోసం పట్టుబడతారో వారికి అక్కరలేదు. ఆ లోటును నా వంతుగా పూడ్చడానికి రాజలింగం సంగతి రాస్తున్నాను.

రాజలింగం వరుస గదుల మా చాల్‌లో కింది గదివాడు. పాలమూరు జిల్లాలో, మక్తల్ దగ్గర కృష్ణ ఒడ్డున బెస్తల ఇంట పుట్టాడు. ముంబయిలో స్లాబులు పోస్తూ మేస్త్రీ అయ్యాడు. చేతిలో తాపీ పట్టుకొని బతికినా, తాను చేపలవాడినన్న మాటను మాత్రం ఎన్నడూ వదలలేదు. అతని లెక్కలో చేప అంటే వాలుగ. తక్కినవన్నీ కూరలే.

చూడనివారి కోసం చెబుతాను. వాలుగకు పొలుసులుండవు. వెండిరంగు ఒళ్లు, నున్నగా, చేతికి దొరకదు. నోటి చీలిక కన్నును దాటి వెనక్కి పోతుంది. ఆ నోటికి తగిన ఆకలీ ఉంది. తోటి చేపలే దాని ఆహారం. మీసాలు నాలుగు, వాటిలో రెండు బాగా పొడవు. కడుపు కింది రెక్క చీర అంచులాగా తోకదాకా సాగుతుంది. పగలు లోతు మడుగుల్లో బండల చాటున పడుకొని, పొద్దు వాలాక వేటకు బయలుదేరుతుంది. మనిషి ఎత్తు పెరిగేదని పాత పుస్తకాలు చెబుతున్నాయి. ఇప్పుడు అందులో సగం ఉన్నది పడితేనే ఫోటో దిగుతున్నారు. పూర్వకవులు ఆడవారి కన్నులను వాలుగలతో పోల్చారు గాని, వారెవరూ ఈ నోటిని చూసి ఉండరు.

తొలకరి కొత్తనీరు రాగానే ఈ చేప ప్రవాహానికి ఎదురెక్కుతుంది. నీరు పరుచుకొన్న గడ్డి మెరకల్లో గుడ్లు పెట్టి తిరిగి దిగుతుంది. ఎక్కే దారికి అడ్డంగా ఆనకట్టలు లేచాయి. దిగి దాక్కొనే మడుగుల రూపాన్ని ఇసుక తోడేవారు మార్చివేశారు. పిల్లచేపను కూడా వదలని సన్నకన్నుల వలలు వచ్చాయి. అంతర్జాతీయ సంస్థ ఒకటి వాలుగను ముప్పున్న జాతుల పట్టికలో చేర్చిన వార్త నా పెట్టెలో ఉంది. ఆ వార్తకు పత్రికవారు ఇచ్చిన జాగా మూడు వేళ్ల వెడల్పు. పక్కనే వంటనూనె ప్రకటనకు సగం పేజీ. ఇటువంటివి చూసినప్పుడు ఎవరి మీద కోపగించుకోవాలో కూడా తెలియదు.

రాజలింగం కుర్రతనంలో మొదట వెళ్లిన కూలిపని అటువంటి ఆనకట్టదే. తండ్రి అప్పుడన్న మాటను అతను నవ్వుతూనే చెబుతాడు: “గోడ గడితివి కొడుకా, మంచిగనే గడితివి. మరి చేపకు నిచ్చెన ఎవడు గడ్తడు?”

ఇక అసలు సంగతి. రాజలింగం కొడుకు ప్రథమేశ్ నాగ్‌పాడాలో ఇళ్లు కట్టే సామాను అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం మరాఠీయే వస్తుంది. కిందటి చలికాలంలో అతను మనాలిని పెళ్లాడాడు. మనాలి వాళ్లు కోళీలు, అంటే ముంబయి సముద్రాన్ని నమ్ముకొన్న చేపలవాళ్లు. తల్లి రత్నాబాయి గ్రాంట్ రోడ్ దగ్గరి బజారులో చేపలమ్ముతుంది. పెళ్లివిందులో రాజలింగం తానూ చేపలవాడినేనని వియ్యపురాలితో చెప్పుకోబోయాడు. ఆమె అతని చేతుల మీది సిమెంటు కాయలు చూసి, మీరు ఇమారతులు కట్టేవాళ్లు, మీకు చేప సంగతి ఎందుకులెండి అని నవ్వేసింది. ఆ నవ్వు అతని గొంతులో ముల్లులాగా ఉండిపోయింది. మిరుగానికి మా ఇంటికి రండి, మా ఏటి చేప వండిపెడతాను, తిన్నాక చెప్పండి అని అక్కడే పిలిచాడు.

మిరుగం అంటే మృగశిర కార్తె. ఆనాడు తెలంగాణలో చేప వండని ఇల్లు అరుదు. మక్తల్‌లోని బంధువులను అడిగితే, వాలుగ ఎక్కడిది, చెరువు చేప పంపమంటావా అన్నారు. చివరికి కొడుకు మీద భారం వేసి, దుకాణానికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

“మిరుగం నాటికి వాలుగ తెప్పియ్యిరా. పెద్దది గావాలె. ఏటిదే ఉండాలె, కల్తీది తెస్తే ఊకోను. మంచిగ కడిగిచ్చి పంపుమను.”

దుకాణంలో గోలగా ఉంది. అవతలినుంచి ప్రథమేశ్ సరేనన్నాడు. రాజలింగం నిశ్చింతగా పడుకొన్నాడు.

మిరుగం పొద్దున చాల్ గేటు ముందు ఒక టెంపో ఆగి, వెనుక తలుపు జార్చి, బండెడు ఇసుకను కుమ్మరించి వెళ్లింది. మరాఠీలో ఇసుకను ‘వాళూ’ అంటారు. కొడుకు విన్నది అదే. పెద్దది అన్నాడు కనుక బండెడు పంపాడు. ఏటిదే అన్నాడు కనుక రాతిపొడి కాకుండా అసలైన నది ఇసుక వెతికాడు. కడిగించమన్నాడు కనుక కడిగినదే తెప్పించాడు. అత్తగారు వస్తున్నారు కాబట్టి నాయన గదిలో గచ్చు బాగుచేయిస్తున్నాడనుకొన్నాడట. ఇంత శ్రద్ధగా చెప్పినమాట విన్న కొడుకును తిట్టడం ఎట్లా?

రాజలింగం భార్య లచ్చమ్మ కుప్పనూ, మొగుడినీ మార్చి మార్చి చూసింది.

“పులుసు పెట్టాల్నా, సిమెంటు మాలు కలపాల్నా? చెప్పుర్రి, గిన్నె తీస్త.”

చాల్ అంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నదిలో చేపను మిగల్చనివారు నది అడుగును మాత్రం గుమ్మందాకా తెచ్చి పోశారు. రాజలింగం మెట్టు మీద కూలబడ్డాడు. రత్నాబాయి వచ్చేవేళ అయింది. ఏమీ చూపలేకపోతే జన్మంతా అతను ఆమెకు ఇమారతులవాడే.

ఆమె వచ్చింది. చేతిలో ఎండు బొంబిల్ చేపల పొట్లం ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట నిలిపివేశారు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, అందుకే ఎండువి తెచ్చానంది. ఇసుక కథ మనాలి నోట విని పక్కలు పట్టుకొని నవ్వింది. ఆపైన, ఇంతకూ మీ చేప ఎంత ఉంటుంది అని ఊరికే అడిగింది.

రాజలింగం లేచాడు. బకెట్టు నీళ్లు తెమ్మని లచ్చమ్మకు చెప్పి, ఇసుక తడిపి, తాపీ అందుకొన్నాడు. మొదట తనంత పొడవు దిమ్మ వేశాడు. తరవాత వీపును నున్నగా సాపు చేశాడు. తాపీ మొనతో నోరు చీల్చి, కన్ను దాటాక గాని ఆపలేదు. కడుపు కింది రెక్కకు ఒక్కొక్క గీతే గీస్తూ తోకదాకా మోకాళ్ల మీద జరిగాడు. చీపురుపుల్లలు మీసాలయ్యాయి. చుట్టూ ఉన్నవారి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

రత్నాబాయి చీర ఎత్తిపట్టుకొని చేప చుట్టూ తిరిగింది. నోటి మూల వేలు ఆనించి చూసింది. మొప్పల దగ్గర వంగింది. బజారులో సరుకు చూసేవారి చూపు అది. చివరికి కడుపు దగ్గర నిలబడి, ఇక్కడ ఇంత ఉబ్బెందుకని మరాఠీలో అడిగింది.

“మిరుగం గదా బాయీ. గుడ్లతోని ఉంటది.”

గుడ్లున్నప్పుడే పట్టి తింటారా అని ఆమె మళ్లీ అడిగింది. ఆ ప్రశ్నలో వెక్కిరింత లేదు. రాజలింగం తాపీకి అంటిన ఇసుకను బొటనవేలితో తుడుచుకొన్నాడు.

“మా నాయన జమానల ఒకటి పడ్తే పది మీదికెక్కేటివి. తిన్నా తెల్వకపోయేది. ఇప్పుడెక్కేటిదే ఒక్కటుంటది. ఇయ్యాల దొరికుంటే దాన్నే వండుతుంటిమి.”

రత్నాబాయి నడుము మీద చెయ్యి వేసుకొని, సరుకు కొనేటప్పుడు ధర అడిగే గొంతు తెచ్చుకొంది. అంతవరకు అతన్ని వియ్యంకుడని పిలిచిన మనిషి, ఈసారి ఆ మాట వాడలేదు.

“ఏం భావ్, కోళీదాదా?”

రాజలింగం ముఖం వెలిగిపోయింది. అయినా బేరంలో తగ్గేవాడు కాడు.

“గుడ్ల చేప బాయీ. అమ్మేది లేదు.”

ఆమె పొట్లం విప్పి ఎండు బొంబిల్‌ను లచ్చమ్మ చేతిలో పెట్టి, ఆ చేపకు పెట్టబోయిన పులుసునే దీనికి పెట్టమంది.