శిఖం అంటే మెరక అనుకున్నాను

ఎల్బీనగర్ దాటాక మా ఇల్లు. మా పాప పడుకునే గదిలో గోడ బీటలిచ్చింది. మొదట వెంట్రుకంత, వానలు పడ్డాక నా వేలు దూరింది. నా ఉద్యోగమేమో అపార్టుమెంట్లు కట్టేముందు నేల గట్టిదో కాదో చూసి చెప్పడం. ఇల్లు కట్టిన రెండేళ్లకు ఆ ఉద్యోగంలో చేరాను. ఊరందరికీ చెప్పేవాడిని, మా ఇంటి నేల మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు.

ఒక ఆదివారం ఆఫీసులో అడిగి నేలను పరీక్షించే యంత్రం తెచ్చాను. ఇంటి పక్క సందులో వరసగా జియోఫోన్లు గుచ్చాను. నేల వణుకును వినే చెవులవి. చివర ఇనుప పలక పెట్టి సమ్మెటతో కొట్టాను. ఆ దెబ్బకు పుట్టే అలల్లో కొన్ని నేల పైపొరనే పట్టుకుని పాకుతాయి. పొట్టి అలకు పైమట్టే తెలుస్తుంది, పొడుగు అల లోతు దాకా తడుముతుంది. పెద్ద భూకంపం అలలైతే భూగోళమంతా చుట్టి, ఎక్కడో అడుగు పొరల సంగతి కూడా మోసుకొస్తాయి. నాకంత లోతు అక్కర్లేదు. పునాది కింద రాయి ఉంటే చాలు. రాయిలో అల వేగంగా నడుస్తుంది కనుక, ఉంటే పొడుగు అలలు ఉరికి రావాలి.

రాలేదు. పొట్టివీ పొడుగువీ అన్నీ కాళ్లీడ్చుకుంటూ వచ్చాయి. మళ్లీ కొట్టాను. తీగ ఊడిందేమోనని చూసి మళ్లీ కొట్టాను. దేవుడా, యంత్రం పాడైందనిపించు, చాలు అనుకున్నాను. చేతులు బొబ్బలెక్కాయి.

మా పునాది తవ్విన మేస్త్రీ పక్క వీధిలోనే ఉంటాడు. చప్పుడు విని వచ్చాడు.

"గిప్పుడు చూస్తున్నరేంది సార్? గిదంత శిఖం అని ఆనాడే చెప్పిన గద."

చెప్పాడు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ని, నాకు శిఖ అంటే నెత్తి మీదుండేది. శిఖం అంటే మెరక కాబోలని మురిసిపోయాను. మెరక మీద ఇంత లోతెందుకని పునాది నాలుగడుగుల దగ్గరే ఆపించాను. "మీ ఇష్టం సార్" అని ఆయన పార పక్కన పెట్టేశాడు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది.

"శిఖం అంటే ఏంటి మేస్త్రీ?"

"చెరువు నిండితే నీళ్లు నిలిచే జాగ, అమ్మా."

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

నేను సమ్మెట దించేశాను. అయినా యంత్రం తెర మీద గీతలు వణుకుతున్నాయి, పాప గదికి దగ్గరగా గుచ్చిన జియోఫోన్లవి మరీ ఎక్కువగా. కిటికీలోంచి చూశాను. పాప మంచాన్ని ఒక్కతే గోడ నుంచి దూరంగా లాగుతోంది. ఆ గది మొత్తం పదడుగులే.